తిరిగిచ్చేసిన పేరు

హంపమ్మకు మెల్లగా మాట్లాడటం రాదు. పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లులో యంత్రాల హోరు దాటి ఎదుటి వరుసలోని మనిషికి మాట అందాలంటే గొంతు ఎత్తాల్సిందే. ఏళ్ల తరబడి అట్లా ఎత్తీ ఎత్తీ, ఇంటికి వచ్చాక కూడా దాన్ని దించడం మరిచిపోయింది. అందుకే ఆ ఆదివారం ఎమ్మిగనూరు ఆసుపత్రిలో, ఫ్యాన్ల చప్పుడు తప్ప మరో సద్దు లేని ఆ నున్నటి వరండాలో, ఆమె మామూలుగా అడిగిన మాటే గోడలకు తగిలి తిరిగొచ్చింది.

"బిచ్చమ్మ ఉండాదా మా? మా పాప. ఈడనే నర్సు పని చేస్తాది."

కౌంటరు దగ్గరి అమ్మాయి తలెత్తింది. "ఏం పేరు?"

"బిచ్చమ్మ."

అమ్మాయి పెదవులు బిగబట్టి కంప్యూటరు వైపు చూసింది. చూడటానికైతే చూసింది గానీ అందులో వెతకలేదు. "అట్లాంటి పేరు గలవాళ్లు ఈడ ఎవరూ లేరు పెద్దమ్మా. ఇంకో ఆసుపత్రేమో కనుక్కో."

"ఎందుకు లేరు? దసరాకు ముందర నేనే వచ్చి దింపిపోయినా. ఇవే మెట్లు, ఇదే వినాయకుని పటం. ఆ పటానికి దండం పెట్టుకోనే పోయినా."

వెనక నిలబడినవాళ్లు విసుక్కున్నారు. హంపమ్మ పక్కకు జరిగి, చంకలోని గుడ్డ సంచిని ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది. అందులో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి ఉన్నాయి. తెల్లారకముందే లేచి కాల్చిన రొట్టెలు ఆదోని బస్సులో నలిగి ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అంతలో వరండా ఆ కొసన ఒక పిల్ల చక్రాల బండి తోసుకుంటూ పోతూ కనిపించింది. ముఖం కనబడలేదు. కనబడాల్సిన పనీ లేదు. ఒక భుజం కాస్త ముందుకు వంచి, గాలికి ఎదురు పోతున్నట్టు నడిచే ఆ నడక హంపమ్మదే.

"బిచ్చీ!" అని కేకేసింది. "ఓ బిచ్చీ!"

బెంచీల మీది తలలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. ఫోను చూసుకుంటున్న ఒక కుర్రాడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "రేయ్, ఎవర్ని తిడతాండాది రా ఈయమ్మ?"

"ఎవర్నో గానీ, ఇంగ్లీషులోనే తిడతాంది మామా!"

నవ్వులు లేచాయి. బండి తోసే పిల్ల ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరక్కుండానే పక్క గదిలోకి వెళ్లిపోయింది. వినబడలేదేమో అనుకుని హంపమ్మ మళ్లీ గొంతు ఎత్తబోతుంటే, పొట్టిగా ఉన్న ఇంకో నర్సు పరుగులాంటి నడకతో వచ్చి ఆమె మోచేయి పట్టుకుంది.

"పెద్దమ్మా, పెద్దమ్మా, అరవద్దు. నువ్వు మౌనిక వాళ్లమ్మవే కదా?"

"ఎవరు?"

"మౌనిక. ఇప్పుడు నువ్వు పిలిచినావు సూడు, ఆ పిల్లే. ఈడ ఆ పేరే."

హంపమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆ తర్వాత ఆమె అన్న మాట వినడానికి నర్సు చెవి ఒగ్గాల్సి వచ్చింది. దించడం రాని గొంతు ఎక్కడికి దిగిపోయిందో దిగిపోయింది.

"మౌనికనా?" అంది.

ఆసుపత్రి వెనక, జనరేటరు గది పక్కన సిమెంటు అరుగుంది. నర్సులు అన్నం తినేది అక్కడే. ఆ పిల్ల హంపమ్మను అక్కడ కూర్చోబెట్టి నీళ్లు తెచ్చిచ్చింది. తన పేరు ఎస్తేరు అనీ, కోడుమూరు పక్కన ఊరనీ, బిచ్చమ్మా తానూ ఒకే గదిలో ఉంటామనీ చెప్పింది.

"ఆ పేరు ఎవరు పెట్టినారు దానికి?"

"మార్చుకోమనింది మేనేజరు సారు. ఏం పేరు గావల్లంటే ఆ పేరు తానే చెప్పింది. అడిగీ అడగకముందే చెప్పింది."

"ఉన్న పేరుకు ఏమొచ్చె?"

ఎస్తేరు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది. "ఇంగ్లీషులో బిచ్ అంటే తిట్టు పెద్దమ్మా. సర్టిఫికెట్లో ఎవరో నడిమధ్యన టీ గూడా రాసిపెట్టినారు. సదివితే అచ్చం ఆ తిట్టే."

"టీ రాసేదేంది?"

"తాగే టీ కాదు, అక్షరం." ఎస్తేరుకు నవ్వు ఆగలేదు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఒక పేషెంటు తాలూకు పిల్లోడు, సెలైను మారుస్తాంటే దీని బ్యాడ్జీ ఫొటో తీసి ఫోన్లో పెట్టినాడు. ఊరంతా తిరిగింది. ఇంగ ఆసుపత్రికి ఫోన్లు. ఆ పేరున్న నర్సు ఉండాదా అని అడిగేది, నవ్వి పెట్టేసేది. మేనేజరు సారు దీన్ని పిలిచి, నీ పేరుతో మా పేరు పోతాంది అన్నాడు. ఆ ఫొటో తీసినోన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ల నాయన బిల్లు కడతాండాడు గదా."

"ఏమని తిట్టు అది?"

"ఆడకుక్క అని."

హంపమ్మ ఆ మాటను కాసేపు నోట్లో నానేసుకుంది. ఆ తర్వాత ఆమె ముఖం విప్పారింది. "కుక్కనా? అంతేనా! నేనింకేమో అనుకుంటి కదమ్మే. మేము తెలీక బిచ్చం పేరు కాడనే ఆగిపోతిమి. కుక్క ఇంకా కింద. సావు యాడన్నా కుక్క కోసం వాకిలి తడుతుందా? మంచిదే గదా!"

"అట్లనా?"

ఆ మాట అన్నది ఎస్తేరు కాదు. జనరేటరు గది మూల దగ్గర బిచ్చమ్మ నిలబడి ఉంది. తెల్ల కోటు, దువ్వి గట్టిగా ముడేసిన జుట్టు. ఛాతీ మీద కొత్త బ్యాడ్జీ. హంపమ్మకు చదవడం రాదు గానీ ఆ అక్షరాల వైపు చూడకుండా ఉండలేకపోయింది.

"ఆ బెంచీ మీద నవ్వినాడే, వానికి గూడా చెప్పిపో ఈ మాట. మంచిదే గదా అని."

"వచ్చినావా? రా, కూసో. రొట్టె తిను. సన్నబడినావు."

బిచ్చమ్మ కూర్చుంది. రొట్టెను చిన్న చిన్న ముక్కలుగా తుంచి, ఒక్కో ముక్కనూ పొడిలో అద్దుకుని, తల ఎత్తకుండా తిన్నది. తింటూనే మాట్లాడింది.

"స్కూల్లో చేతులు చాపి 'అమ్మా, ధర్మం సెయ్యమ్మా' అనేవాళ్లు. అది తెలుగు. ఇప్పుడు ఇంగ్లీషులో నవ్విరి. మన హొళగుంద అవ్వోళ్లు కన్నడం మాట్లాడతారు గదా, ఆ బాసలో గూడా ఏమన్నా అర్థం ఉండాదేమో కనుక్కో మా. అదొగటే బాకీ ఎందుకు?"

ఎస్తేరు నవ్వబోయి ఆగింది. హంపమ్మ సంచి అంచు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది.

"మార్చుకో. నేను వద్దంటినా? సుబ్బరంగా మార్చుకో. ఆ పేరొక్కటి వద్దు."

"ఏ పేరు?"

హంపమ్మ గడ్డంతో బ్యాడ్జీ వైపు చూపించింది.

"మౌనిక. బాగలేదా?"

"ఇంగో పేరు సూసుకో."

"ఏంటికి వద్దో సెప్పు."

జనరేటరు కింద కారిన నూనె మరక వైపు చూస్తూ కూర్చుంది హంపమ్మ. సావుకు ఆ పేరు తెలుసు. ఒకసారి ఆ పేరు అడుగుతూ వచ్చి, వాకిలి కనుక్కుని, తీసుకునే పోయింది. మళ్లీ ఆ పేరు ఎవరైనా గట్టిగా పిలిస్తే దానికి దారి చూపించినట్టే. ఈ మాట కూతురితో ఎట్లా చెప్పేది? చెప్పాలంటే ముందు ఆ పేరు అనాలి. అన్నాక చెప్పడానికి ఇంకేముంటుంది?

"వద్దంటే వద్దు," అంది.

బిచ్చమ్మ చేయి కడుక్కుంది. తల్లి ఇంకేమన్నా చెబుతుందేమోనని కొళాయి దగ్గర కాసేపు ఊరికే నిలబడింది. ఆ తర్వాత కోటు సరిచేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"పొడి బాగుంది పెద్దమ్మా," అంది ఎస్తేరు, ఏదో ఒకటి అనాలి గనక.

మరుసటి పొద్దున మిల్లులో పత్తి బండ్లు వరుసగా నిలిచి ఉన్నాయి. ఆడవాళ్లు ఎదురెదురు వరుసల్లో కూర్చుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కుప్పలోంచి ఇంత పత్తి ఒడిలోకి లాక్కుని విడదీస్తున్నారు. ఎండాకు, విచ్చుకోని కాయ, పసుపు తిరిగిన దూది ఒక పక్కకు. తెల్లది ఇంకో పక్కకు. హంపమ్మ వేళ్లు చూడకుండానే ఏరతాయి. పురుగు తిన్న దూది తడిమితేనే తెలుస్తుంది, లోపల గట్టిగా పేలపిండి ముద్ద కట్టినట్టు ఉంటుంది.

"మా పాపకు ఒక మంచి పేరు సెప్పండమ్మే," అంది గొంతెత్తి.

"పెండ్లి కుదిరిందా?" ఎదుటి వరుసలోంచి సుధ అరిచింది. నిరుడు పెళ్లయి ఆదోనికి వచ్చిన పిల్ల.

"ముందు పేరు కుదరల్ల. ఆమీట పెండ్లి."

"ఉమాదేవి అని పెట్టు. మా ఇంటి ఓనరమ్మ పేరు. ఆ పేరున్నోళ్లు వంగి కసువు కొట్టేది నేను ఇంతవరకూ సూడలేదు."

"మధు. మగోళ్లకీ ఉంటాది, ఆడోళ్లకీ ఉంటాది. ఎవరూ ఏమీ అనరు."

"నా పేరే పెట్టరాదా అక్కా? సుధ. పొట్టి పేరు. ఇంగా అరిగిపోలేదు."

"నీ పేరు పెట్టుకుంటే నీ మాదిరే ఈడ దూది ఏరల్ల గదమ్మే! నర్సు సదువు సదివింది ఆ పిల్ల."

వరుస వరుసంతా నవ్వింది. హంపమ్మ కూడా నవ్వింది. పేర్లన్నీ ఒక్కొక్కటే గుర్తుపెట్టుకుంది. తిరునాళ్లలో గాజులు ఏరినట్టు ఏ పేరుకాపేరు కూతురి ముఖానికి ఆనించి చూసుకుంది. ఏదైనా సరే. ఆ ఒక్కటి కాకుంటే చాలు.

నవ్వకుండా ఉన్నది భీమమ్మ ఒక్కతే. హంపమ్మ ఉండే వీధిలోనే ఆమె ఇల్లు. మిల్లులో అందరికంటే పెద్దది. "బిచ్చం పేరు ఊరికే మారదు హంపీ," అంది. "తీసుకున్నది తిరిగియ్యల్ల. ఇయ్యకుండా ఇంగో పేరు పెడితే పిల్ల అటూ గాక ఇటూ గాక నడిమధ్య పడతాది."

"ఏం తీసుకున్నారు అవ్వా?" సుధ అడిగింది.

"వీళ్లకు ముందు ఇద్దరు పుట్టి పోయిరి, రెండోదానికి పేరు గూడా పెట్టలేదు. ఈ పిల్ల కడుపులోంచి పడినంక, ఈ హంపి పచ్చి బాలింత, మాసిన కోక కట్టుకోని, చాట పట్టుకోని, మా వాకిండ్ల ముందర నిలబడె. ఇంత బిచ్చం ఎయ్యండమ్మా, ఈ బిడ్డ మాది గాదు, అడుక్కోని తెచ్చుకున్నది అని. నేనూ ఏసినా ఇన్ని జొన్నలు. మా అత్త పాత గుడ్డ ఇచ్చె, దాన్లోనే పండబెట్టిరి పిల్లను. అడుక్కున్నదాన్ని ఎవరు ఎత్తుకోని పోతారు? అట్ల నిలబడింది ఆ పిల్ల."

సుధ చేతిలోని దూది అట్లాగే ఉండిపోయింది. మేస్త్రి అటువైపు వస్తుంటే అందరూ తలలు వంచుకున్నారు.

ఆ సాయంత్రం మొగుడు సుంకప్ప పత్తి యార్డు నుంచి వచ్చేసరికి హంపమ్మ చాటలో జొన్నలు పోసుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. సుంకప్ప హమాలీ కొక్కెం గూట్లో పెట్టి, తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

"ఆ పేరే పెట్టుకుందంట," అంది హంపమ్మ. ఏ పేరో చెప్పలేదు.

సుంకప్ప అడగలేదు. కుండలోంచి నీళ్లు ముంచుకుని తాగాడు. చెంబు బోర్లించాక, "ఇప్పుడేం సేస్తావు?" అన్నాడు.

"పాత పేరు ఇచ్చేసొస్తా. పేరు లేకుండా ఉంటే, నేను సెప్పిన పేరు పెట్టుకుంటాది."

"పెట్టుకుంటాదా?"

హంపమ్మ చాట ఎత్తుకుని లేచింది.

వీధి మారిపోయింది. ఆ రోజు బిచ్చం వేసిన వాకిళ్లలో సగం మేడలయ్యాయి, సగంలో ఎవరో కొత్తవాళ్లు ఉన్నారు. మొదటి ఇంట్లో ఒక ఆవిడ తలుపు సందులోంచే చూసింది. "మాకేం వద్దు. జొన్నలు తినం మేము."

"అమ్మేది గాదు మా. తిరిగి ఇస్తాండా. ఒగ దోసెడు పట్టు."

"ఏం మొక్కు? ఏ దేవునిది?" దేవుడిది అంటే ఒక ధర, కాదంటే ఇంకో ధర అన్నట్టు అడిగింది. చివరికి ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి పట్టింది. ఇంకో ఇంట్లో మడతమంచం మీది ముసలాయన, "ఎలక్షన్లు ఎప్పుడు?" అని అడిగాడు. కిరాణం అంగడి ఆయన తీసుకుని, చేతిలో గింజ చిదిమి చూసి, "పాత జొన్నలు," అన్నాడు. భీమమ్మకు తప్ప, ఆ రోజు ఇచ్చినవాళ్లెవరికీ ఇచ్చినట్టు గుర్తులేదు. ఇరవై ఏళ్లకు పైగా ప్రతి పూటా పిలుస్తూ హంపమ్మే గుర్తుపెట్టుకుంది.

ఆఖర్న భీమమ్మ వాకిలి. భీమమ్మ అప్పటికే స్నానం చేసి, కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది. చాటలో మిగిలినదంతా ఆమె ఒడిలో పోసింది హంపమ్మ. ఆఖరి గింజ జారేదాకా చాటను అట్లాగే వంచి పట్టుకుంది.

"ఇంగ ఆ పేరుతో పిలవగూడదు నువ్వు," అంది భీమమ్మ ఒడి బిగించుకుంటూ. "నోరు జారినా, మళ్లా బిచ్చం ఎత్తినట్టే."

"తెలుసు."

"అలవాటు పోదు. నోరు కట్టుకో."

ఖాళీ చాట చంకలో పెట్టుకుని హంపమ్మ ఇంటికి నడిచింది. దారి పొడుగునా 'ఉమా' అని గొణిగి చూసుకుంది. ఎవరింటి పిల్లనో పిలిచినట్టుంది. 'మధూ' అనుకుంది. నాలుక మీద నిలవలేదు. ఇంటి దగ్గర ఆరేసిన బిచ్చమ్మ పాత చుడీదారు కనబడితే నోరు దానంతటదే తెరుచుకుంది. అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు మిల్లు మానుకుని, రొట్టెల సంచితో మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కింది. ఈసారి కౌంటరు దగ్గర ఎవరినీ అడగలేదు. ఎస్తేరు కనబడి, మేడమీద ఉంది పొమ్మని చెప్పింది.

మేడమీద దండేల నిండా ఆకుపచ్చ దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. నీడలో చాప వేసుకుని బిచ్చమ్మ దూది ఉండలు చేస్తోంది. పెద్ద దూది చుట్టలోంచి కొంచెం లాగి, అరచేతుల మధ్య ఒక్క తిప్పు తిప్పి, స్టీలు డబ్బాలో వేస్తోంది. ఆ డబ్బాను అట్లాగే ఆవిరికి పెడతారు. హంపమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. అడగకుండానే తానూ ఇంత దూది లాక్కుంది. ఆమె చేతికి తెలిసిన దూది కాదిది. గింజ లేదు, ఆకు లేదు, ఏరడానికేమీ లేదు.

"మరీ గట్టిగా సుట్టద్దు మా. మందు పీల్చదు."

హంపమ్మ వదులుగా చుట్టింది. రెండు మూడు ఉండలు డబ్బాలో పడ్డాక మొదలుపెట్టింది. "పేర్లు తెచ్చినా. ఉమాదేవి అంట. ఉమ అని పిలవచ్చు. మధు. సుధ. అందరూ బాగుండాయి అన్నారు."

"బాగుండాయి. వేరేవాళ్ల పేర్లు."

"పెట్టుకుంటే నీవైతాయి."

"మౌనిక ఏంటికి వద్దో సెప్పలేదు నువ్వు."

హంపమ్మ వేళ్లు ఆగాయి. దారంతా అనుకున్నదే. చెప్పక తప్పదు. "నీకంటే ముందర..." అని ఆగింది. "పెద్దది. నీకు పెద్దది ఉండె."

"అక్క. తెలుసు."

దుప్పట్లు గాలికి లేచి, పడ్డాయి. హంపమ్మ కూతురి వైపు చూసింది. "నాయన చెప్పినాడా?"

"అడిగితే సెప్పినాడు. అడగకముందే తెలుసు. నువ్వే సెప్పినావు."

"నేనెప్పుడు సెప్తి? ఆ పేరు నా నోట్లోంచి రాలేదు. అది పోయినప్పట్నుంచి ఒగసారి గూడా రాలేదు."

"నిద్దట్లో వస్తాది మా." బిచ్చమ్మ చేస్తున్న పని ఆపలేదు. "నీ పక్కలో పండుకునేటప్పట్నుంచీ వింటాండా. మౌనికా, మౌనికా అంటావు. మెల్లగా. పగలు నీకు మెల్లగా మాట్లాడేది రాదు గదా, అప్పుడు వస్తాది. చిన్నప్పుడు నన్నే అనుకునేదాన్ని. నాకు ఇంగో పేరుండాది, అమ్మ దాచిపెట్టింది, పెద్దయినంక ఇస్తాది అని. పలికేదాన్ని గూడా. ఆఁ మా, అనేదాన్ని. నువ్వు అటు తిరిగి పండుకునేదానివి."

హంపమ్మ చేతిలోని దూది ఉండను విప్పి, మళ్లీ చుట్టింది.

"నువ్వు ఇష్టపడి పెట్టిన పేరు అదొక్కటే," అంది బిచ్చమ్మ. "నాది భయపడి పెట్టినావు. తప్పనడం లేదు. బతికినా గదా. మేనేజరు సారు ఏం పేరు గావల్ల అంటే నాకు వేరే ఏదీ గుర్తు రాలేదు. కోపంతో పెట్టుకోలేదు మా. అక్కది దొంగిలించల్లనీ కాదు."

"ఆ పేరు దానికి తెలుసు," అంది హంపమ్మ. ఎవరికో చెప్పలేదు. "మళ్లా వస్తాది."

"ఈడ దినామూ వస్తాది మా అది. పేరు అడగదు. నేను సూస్తాండా గదా."

ఆ మాట ఆ పిల్ల మామూలుగా అన్నది. దూది ఉండ డబ్బాలో వేసినంత మామూలుగా. హంపమ్మకు మొదటిసారి కూతురు పెద్దదిగా కనిపించింది, తనకంటే.

"ఒక్కసారి పిలు మా," అంది బిచ్చమ్మ. "మెలకువలో. ఒక్కసారికి ఏం కాదు."

హంపమ్మ తల అడ్డంగా ఊపింది. కానీ ఎదుటి ముఖం మీద ఏదో ఉంది. అంగట్లో అడగను అడగను అంటూనే బొమ్మ వైపు చూసే పిల్లల ముఖం. ఈ పిల్ల చిన్నప్పుడు ఏదీ అడగలేదు. అడుక్కుని తెచ్చుకున్నదానివి అని వినీ వినీ అడగడం మానేసిందేమో. హంపమ్మ కళ్లు మూసుకుంది. పెదవులు తడుపుకుంది.

"మౌనికా," అంది.

మిల్లు హోరును దాటే ఆ గొంతు, దుప్పటి అంచు కదిలినంత మెత్తగా వచ్చింది. ఆ పేరుతో పాటే ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర మడిచి, కాస్త పైకి లేచింది. అరచెయ్యి చిన్న వీపు కింద పెట్టినట్టు విచ్చుకుంది. మెడ అటు వంగింది. తెరిచిన కళ్లు ఆ మోచేతి ఒంపులోకి చూస్తున్నాయి. ఇదంతా ఆమెకు తెలియదు.

ఆఁ అనడానికి నోరు తెరిచిన బిచ్చమ్మ, మూసుకుంది. ఆ చేతి వైపు చూసింది. పిల్లల వార్డులో పనిచేసే పిల్ల. ఏ ఒంపులో ఎన్ని నెలల బిడ్డ పడుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాసేపు చూసి, ముందుకు వంగి, నెత్తురు తీసేటప్పుడు రోగి చేతిని చాపినట్టు తల్లి చేతిని మెల్లగా చాపి, ఒడిలో పెట్టింది.

"అక్కనే పిలిచినావు," అంది.

"లేదు, నిన్నే..."

"పోనీలే మా. ఈడ అందరూ పిలుస్తారు, నాకు అది సాలు. నువ్వు మాత్రం బిచ్చీ అనే పిలుచుకో. ఇంట్లో. నువ్వొక్కదానివే పిలుస్తావు గదా, నేనేమీ అనుకోను."

హంపమ్మ ఒడిలోని తన చేతిని చూసుకుంది. "అదీ లేదు," అంది.

"లేకపోయేదేంది?"

"నిన్న తిరిగిచ్చేసినా. జొన్నలు. వాకిలి వాకిలికీ పోయి. నీకు అడ్డం లేకుండా ఉండల్లని. ఇంగ నేను ఆ పేరు అనగూడదు."

బిచ్చమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ తర్వాత నవ్వింది. నవ్వుతూనే దూది ఉండతో కళ్లు ఒత్తుకుంది. "అయితే నన్నేమని పిలుస్తావు మా ఇంగ?"

కింద నుంచి మెట్ల గుండా ఎవరో కేకేశారు. "మౌనికా! కట్లు మార్చల్ల, డబ్బా తీసుకోని రా!"

"వస్తాండా!" అని లేచింది. డబ్బా మూత బిగించి, దూది చుట్ట చంకలో పెట్టుకుని, తల్లి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి మెట్లు దిగిపోయింది.

హంపమ్మ చాప మడిచింది. రాలిన దూది ఏరి కొంగున కట్టుకుంది. లేవబోతుంటే సంచి కాలికి తగిలింది. రొట్టెల మూట అట్లాగే ఉంది. గబగబా దిగి వరండాలోకి వచ్చింది. బిచ్చమ్మ అప్పటికే దూరంగా, ఒక భుజం ముందుకు వంచి, ఇద్దరు నర్సుల వెనక పోతోంది. బెంచీల నిండా జనం. హంపమ్మ నోరు తెరిచింది. మొదట వచ్చిన పేరును పళ్ల కింద నొక్కిపెట్టింది. రెండో పేరు రానివ్వలేదు. "పాపా!" అంది. బిడ్డనెత్తుకున్న ఒకామె తల తిప్పి చూసింది. "ఓ పాపా!" ముందు పోయేవాళ్లెవరూ ఆగలేదు. వార్డు తలుపు దగ్గరికి వచ్చేశారు.

పల్లెల నుంచి వచ్చినవాళ్లు అక్కడ ఎట్లా పిలుస్తారో హంపమ్మ వచ్చిన రెండుసార్లూ విన్నది.

"సిస్టరమ్మా!" అని పిలిచింది.

ఆ పిల్ల వెంటనే తిరిగింది. "చెప్పమ్మా, ఏం గావల్ల?" అంది. ఎవరికైనా చెప్పేటట్టే, మర్యాదగా. పిలిచింది ఎవరో చూసేసరికి ఆ మర్యాద ముఖం మీద అట్లాగే నిలిచిపోయింది.

హంపమ్మ మూట చాపింది.

"రొట్టెలు," అంది మెల్లగా.